కిటికీలో గాజు సీసా

పొద్దున లేస్తూనే కిటికీ దగ్గరికి పోయాను. నాన్న రోజూ అక్కడ చిన్న గాజు సీసాలో మూత్రం పట్టి పెడుతున్నాడు. వెలుగుకెత్తి చూస్తే ఇవాళ ఎండుగడ్డి రంగు.

"ఎట్టా ఉందమ్మా?" మంచం మీంచే అడిగాడు.

"బాగుంది నాన్నా" అన్నాకే లేచి కూర్చున్నాడు.

నాన్నకి కిడ్నీలో రాయి తీసే పీసీఎన్‌ఎల్ ఆపరేషన్ చేసి నేటికి 18 రోజులు. నడుము పక్కన చిన్న గాటు పెట్టి, రెండున్నర సెంటీమీటర్ల రాయిని పొడి చేసి తీశారు. నాలుగో రోజు ఇంటికొచ్చేశాం. లోపల స్టెంటు, అంటే మూత్రం దిగడానికి పెట్టిన సన్నటి గొట్టం, ఉంది కాబట్టి మూత్రం కాస్త గులాబీ రంగులో వచ్చినా భయపడొద్దన్నారు. భయపడలేదు.

పదో రోజు రాత్రి బాత్‌రూంలోంచి నాన్న కేక. తెల్ల టైల్స్ నిండా నెత్తురు, అందులో వానపాముల్లా పొడుగాటి గడ్డలు. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా రాలేదు, పొత్తికడుపు బిగుసుకుపోయింది. తెల్లారాక పోదామంది అమ్మ. డిశ్చార్జ్ కాగితంలో "రక్తం వస్తే రండి" అని ఉంది గానీ, ఇన్నాళ్ల తర్వాత కూడా రావచ్చని మాకెవరూ చెప్పలేదు. అరగంట అట్లా తర్జనభర్జన పడ్డాం. ఆ అరగంట తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆస్పత్రిలో మూత్రాశయంలోకి గొట్టం వేసి, గడ్డలు తీసి, రాత్రంతా సెలైన్‌తో కడుగుతూనే ఉన్నారు. హిమోగ్లోబిన్ 12 నుంచి 7.8కి పడింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. రక్తనాళాలు చూపించే సీటీ యాంజియో స్కాన్‌లో దొరికింది: ఆపరేషన్ కోసం వేసిన దారిలో ఒక సన్నటి ధమని గోడ దెబ్బతిని, పక్కన బుడగ కట్టింది. సూడో ఎన్యూరిజం అంటారట. అప్పటికి గడ్డకట్టి ఆగినట్టే ఉండి, వారానికో రెండు వారాలకో తెగుతుందట. రెండు కిడ్నీలకీ కలిపి నిమిషానికి లీటరు దాకా రక్తం పోతుంది మరి, చిన్న నాళమైనా ఊరుకుంటుందా! తొడ దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ ఒక్క కొమ్మలో తీగచుట్ట పెట్టి మూసేశారు. కిడ్నీ దక్కింది.

ముందు రోజు బిందె ఎత్తినందుకే ఇట్లా అయిందని నాన్న కుమిలిపోతున్నాడు. ఆ దెబ్బ అంతకుముందే లోపల ఉందని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. నేను రోజూ చెప్తున్నాను.

మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల అల్లుడికి సోమవారం ఇదే ఆపరేషన్. మూడు వారాల దాకా రంగు చూస్తూ ఉండమన్నాను, గడ్డలు కనిపిస్తే అర్ధరాత్రయినా బయల్దేరమన్నాను. కాగితం మీద రాసుకోమంటే రాసుకుంది, మళ్లీ చదివి వినిపించింది.

సాయంత్రం నాన్న మజ్జిగన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. సీసా కడిగి, కిటికీలో బోర్లించాను.