ఆడపిల్లలు నిలిపిన ఇంటిపేరు

నెల క్రితం నల్లకుంటలో మా అన్నయ్య ఇంట్లో శుభలేఖ రాయిస్తున్నప్పుడు, అమ్మ తన తండ్రి పేరును ఇంటిపేరుతో సహా వేయించాలని పట్టుబట్టింది. తాతయ్యకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మను చేసుకుని ఇల్లరికం వచ్చిన పెదనాన్న తాతయ్య పొలమంతా చూసుకున్నాడు గాని తన ఇంటిపేరు తనదే. పిల్లలకూ అదే వచ్చింది. తాతయ్య ఇంటిపేరు ఆయనతోనే ఆగిపోయింది. అమ్మ ఆ మాట చెప్పి కళ్లు తుడుచుకున్నప్పటి నుంచి నా మనసు, ఎన్నో ఏళ్లుగా ఇష్టంగా చదువుకుంటున్న ఇంగ్లండు పెర్సీ వంశం మీదికే పోతోంది. ఇదే గండాన్ని ఆ ఇంటిపేరు రెండుసార్లు దాటింది.

పెర్సీ అన్నది మొదట ఊరిపేరు. ఫ్రాన్సులోని నార్మండీలో ఆ పేరుగల ఊరికి చెందిన విలియం, 1066 నాటి నార్మన్ల విజయం తర్వాత ఇంగ్లండులో స్థిరపడ్డాడు. రాజు 1086లో చేయించిన భూముల లెక్క డూమ్స్‌డే గ్రంథంలో, యార్క్‌షైర్, లింకన్‌షైర్‌లలో అతని భూములు నమోదై ఉన్నాయి. అతన్ని ‘విలియం ద పెర్సీ’ అనేవారు. కందుకూరు ‘కందుకూరి’ అయినప్పుడు చివరి ఇకారం చేసే పనినే అక్కడ ఆ ‘ద’ చేస్తుంది. నున్నగా గీయించుకునే నార్మన్ల మధ్య అతను మీసాలు పెంచాడు కాబట్టి, ‘మీసాలవాడు’ అనే అర్థంలో వచ్చిన మారుపేరే తర్వాతి తరాల్లో ‘ఆల్జెర్నన్’ అనే పేరుగా ఆ ఇంట నిలిచింది.

ఈ ఇంటిపేరుకు జనం కల్పించుకున్న కథ ఒకటి ఉంది. స్కాట్లండు రాజు మాల్కం 1093లో ఉత్తర ఇంగ్లండులోని ఆన్నిక్ కోటను ముట్టడించినప్పుడు, ఒక వీరుడు కోట తాళాలను ఈటె మొనకు తగిలించి అందిస్తున్నట్టు నటించి రాజు కంట్లో పొడిచాడనీ, ‘కన్ను పొడిచినవాడు’ అనే అర్థమిచ్చే ‘పియర్స్ ఐ’ అన్న ఇంగ్లీషు మాటలే పెర్సీగా మారాయనీ చెబుతారు. కథ రసవత్తరంగానే ఉన్నా కాలం దానికి ఒప్పదు. మాల్కం చనిపోవడానికి ఏడేళ్ల ముందే డూమ్స్‌డేలో ఈ పేరు ఉంది. పైగా పెర్సీలు ఆన్నిక్‌ను కొన్నది 1309లో. మన ఇంటిపేర్లకు ఇటువంటి వ్యుత్పత్తి కథలు ఎన్ని వినలేదు! అందుకే నేను ఏ ఇంటిపేరు విషయంలోనైనా ముందు ఊరినే వెతుకుతాను.

12వ శతాబ్దంలో మగసంతతి ఆగిపోయి, ఆస్తి ఆడపిల్లలకు వచ్చింది. వారిలో ఆగ్నెస్‌ను పెళ్లాడిన జోసెలిన్, మొదటి హెన్రీ రాజుకు బావమరిది వరుస, నేటి బెల్జియంలోని లూవాన్ పాలకుల ఇంటివాడు. ఇంత పెద్ద ఇంటివాడి పిల్లలు కూడా తల్లి ఇంటిపేరునే నిలుపుకున్నారు. వారి సంతతివారే 1377లో, ఎర్ల్ అనే ప్రభు బిరుదు పొంది, నార్తంబర్లండ్ ఎర్ల్‌లయ్యారు. 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో మరణించిన హ్యారీ పెర్సీ బిరుదు ‘హాట్‌స్పర్’. మన కుర్రాళ్లు టీవీలో చూసే టాటెన్‌హామ్ ఫుట్‌బాల్ జట్టు పేరులోని హాట్‌స్పర్ అతనిదే.

1670లో పదకొండవ ఎర్ల్ మరణించేనాటికి మిగిలింది మూడేళ్ల కూతురు ఎలిజబెత్ ఒక్కతే. పదహారేళ్లు నిండేలోగా ఆమెకు మూడు పెళ్లిళ్లు జరిగాయి. మొదటి భర్త పెర్సీ పేరు పెట్టుకుని ఏడాదికే పోయాడు, రెండవవాణ్ణి 1682లో హత్య చేశారు. మూడవవాడైన సోమర్సెట్ డ్యూక్ కూడా పెర్సీ పేరు తీసుకోవాలని ఒప్పందం ఉన్నప్పటికీ, ఈడు వచ్చాక ఆమే అతన్ని ఆ షరతు నుంచి విడుదల చేసింది. అక్కడితో పోవలసిన పేరును ఆమె మనవరాలు, ఆమె పేరే గల ఎలిజబెత్, తిరిగి తెచ్చింది. 1740లో ఆమెను చేసుకున్న సర్ హ్యూ స్మిత్‌సన్, 1750లో మామగారి ఎర్ల్ పదవి దక్కగానే పార్లమెంటు చట్టం ద్వారా పెర్సీ అయ్యాడు. 1766లో డ్యూక్ కూడా అయ్యాడు. నేటి నార్తంబర్లండ్ డ్యూక్‌లు ఆయన సంతతివారే.

స్మిత్‌సన్ అంటే ‘కమ్మరి కొడుకు’. డ్యూక్ వదిలేసిన ఆ పేరును, ఆయనకు పెళ్లి కాని సంబంధంలో పుట్టి, బిరుదుకు హక్కు లేకుండా మేసీ అనే ఇంటిపేరుతో పెరిగిన కొడుకు జేమ్స్, తల్లి మరణించాక, 1801లో ఏరికోరి తీసుకున్నాడు. రసాయన శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న ఆయన, తన సోదరుడి కొడుకు పిల్లలు లేకుండా పోతే ఆస్తి అంతా అమెరికాకు చెందాలనీ, దానితో వాషింగ్టన్‌లో జ్ఞానవ్యాప్తికి పెట్టే సంస్థకు తన ఇంటిపేరే ఉండాలనీ వీలునామా రాశాడు. అమెరికాను ఆయన ఎన్నడూ చూడలేదు. 1829లో ఆయనా, 1835లో ఆ సోదరుడి కొడుకూ కన్నుమూశారు. 1846లో స్మిత్‌సోనియన్ సంస్థ ఏర్పడింది.

ఈ కథ అమ్మకు చెప్పినప్పుడు ఆమె పెర్సీల గురించి ఏమీ అడగలేదు. ఆ జేమ్స్ తల్లి పేరేమిటని అడిగింది. ఎలిజబెత్ అని చెప్పాను.