పుల్లరి అంటే గడ్డి మీద పన్ను
రెండ్రోజులుగా పుల్లరి అన్న మాట నన్ను వదలట్లేదు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహం గురించి చదువుతుంటే అసలు ఈ మాట ఎలా పుట్టిందా అని వెతికా. పుల్లు అంటే గడ్డి, తమిళంలో పుల్, కన్నడంలో హుల్లు, అన్నీ ఒకే కుటుంబం. అరి అంటే పాత తెలుగులో పన్ను, కప్పం. రెండూ కలిస్తే పుల్లరి, అంటే పశువులు మేసే గడ్డికి కట్టే పన్ను. ఇంటి పన్నుని ఇల్లరి అనేవాళ్ళు, ఎంత చక్కని మాటో కదా, ఎందుకు వదిలేశామో అర్థం కాదు నాకు.

కాకతీయుల కాలంలోనే పుల్లరి ఉండేదంట. కానీ బ్రిటిష్ వాళ్ళొచ్చి 1882లో మద్రాస్ అటవీ చట్టం తెచ్చి అడవుల్ని రిజర్వు చేసేసరికి, తరతరాలుగా పశువుల్ని తోలుకెళ్ళిన అడవిలోకే పర్మిట్ కొనుక్కుని వెళ్ళాల్సొచ్చింది, కట్టకపోతే పశువుల్ని బందెలదొడ్డిలో పెట్టేవాళ్ళు, రైతుకి ఎడ్లు లేకపోతే ఇంకేముంటుంది చెప్పండి. 1921లో పల్నాడు జనం కట్టం పొమ్మన్నారు. మించాలపాడు దగ్గర 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ఆ ఉద్యమాన్ని నడిపిన కన్నెగంటి హనుమంతు చనిపోయారు. అడవిలో దానంతటదే మొలిచే గడ్డి కోసం ప్రాణం తీశారు, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మీ వైపు పెద్దవాళ్ళు పుల్లరి, ఇల్లరి లాంటి మాటలు ఇంకా వాడుతుంటే చెప్పండి, రాసిపెట్టుకుంటా.