లిపిడ్ బుడగ అసలు కాపాడేది గుండెని

నానో మెడిసిన్, అంటే అతి చిన్న రేణువుల్లో మందు పెట్టి పంపడం, ఆ మాట అనగానే అందరూ ఒకటే బొమ్మ చూపిస్తారు, ఒంట్లోకి వదిలితే చాలు దారి వెతుక్కుంటూ వెళ్ళి క్యాన్సర్ కణాన్నే పట్టుకుని చంపేసే మిస్సైల్ అని. వీడియోల్లో బానే ఉంటుంది గానీ జరిగేది అది కాదు, పైగా ఆ బొమ్మ వల్ల ఈ టెక్నాలజీ నిజంగా సాధించిన పని ఎవరి కంటా పడట్లేదని నా గోల.

డాక్సోరుబిసిన్ సంగతే చూడండి. ఎర్రటి మందు, నరంలోకి ఎక్కిస్తారు, చాలా రకాల క్యాన్సర్ల మీద పనిచేస్తుంది, కానీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, అదీ ఎక్కించిన ప్రతి డోసూ పాత లెక్కకి కలుస్తూ పోతుంది. అందుకే జీవితం మొత్తానికీ ఒక హద్దు పెట్టారు, శరీర వైశాల్యంలో చదరపు మీటరుకి 450 నుంచి 550 మిల్లీగ్రాములు, అది దాటితే హార్ట్ ఫెయిల్యూర్ రిస్క్ గబగబా పెరిగిపోతుంది. మందు ఇంకా పనిచేస్తున్నా సరే ఆపేయాల్సిందే.

దీనికి దొరికిన దారి మందుని కొవ్వు బుడగలో పెట్టి పంపడం. ఫాస్ఫోలిపిడ్లు, అంటే కణాల గోడల్లో ఉండే కొవ్వు పదార్థాలు, నీళ్ళలో పడితే వాటంతటవే రెండు పొరల గోడ కట్టుకుని బుడగలైపోతాయని 1960ల్లో ఇంగ్లండ్‌లో అలెక్ బ్యాంగమ్ చూపించాడు. బుడగ చేయడం సరే, అందులో సరిపడా మందు పట్టించి అది కారిపోకుండా ఆపడమెలా? ఇజ్రాయెల్‌లో బారెన్‌హోల్జ్, గాబిజోన్ వాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. ముందు బుడగ లోపల అమోనియం సల్ఫేట్ నింపి, బయట ఉన్నది కడిగేస్తారు, అప్పుడు లోపలి అమోనియా బయటికి జారుకుంటుంటే మందు గోడ దాటి లోపలికి వెళ్తుంది, వెళ్ళాక ఛార్జ్ ఎక్కి సల్ఫేట్‌తో కలిసి స్ఫటికంలా గడ్డకట్టుకుపోతుంది, ఇంక తిరిగి రాలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కోటీ అచ్చం కాఫీ గింజలా కనిపిస్తుంది. పైన పాలీఎథిలీన్ గ్లైకాల్ పూత పెడతారు, లేకపోతే లివర్‌లో, ప్లీహంలో కాపు కాసే కణాలు ఎక్కడికక్కడ మింగేస్తాయి. ఈ పూతతో రెండు రోజుల పైనే రక్తంలో తిరుగుతుంది. సైజు 100 నానోమీటర్ల లోపు. 1995లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓకే చేసిన డాక్సిల్ ఇదే.

గుండెలో రక్తనాళాల గోడలు బిగుతుగా ఉంటాయి కాబట్టి ఈ బుడగ బయటికి దూరలేదు. ట్యూమర్‌లో నాళాలు హడావిడిగా పెరిగినవి, సందులుంటాయి, అక్కడ కారుతుంది అని 1986లో మత్సుమురా, మయేదా చెప్పారు. ఎలుకల్లో బాగా కనిపించింది, మనుషుల్లో మాత్రం ట్యూమర్‌ని బట్టి మారిపోతుంది. ఎలుకల్లో కూడా మరీ అంత గొప్ప కాదు లెండి, పాత ప్రయోగాలన్నీ కలిపి 2016లో లెక్కేస్తే ఎక్కించిన నానోపార్టికల్స్‌లో ట్యూమర్‌కి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే.

2004లో వచ్చిన బ్రెస్ట్ క్యాన్సర్ ట్రయల్ చూస్తే విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. వ్యాధి ఒంట్లో పాకిన 509 మంది, కొందరికి మామూలు డాక్సోరుబిసిన్, కొందరికి బుడగలోది. వ్యాధి మళ్ళీ ముదరడానికి పట్టిన టైమ్ మామూలు మందుతో 7.8 నెలలు, బుడగతో 6.9 నెలలు, అంటే క్యాన్సర్ మీద దెబ్బ దాదాపు ఒకటే. గుండె దెబ్బతినే రిస్క్ మాత్రం మామూలు మందుతో మూడు రెట్ల పైనే. జుట్టు ఊడడం కూడా 66 శాతం నుంచి 20కి పడిపోయింది.

ఊరికే ఏం రాదు కదా, ఆ బుడగలు చర్మంలో చేరతాయి, అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి మండి ఒక్కోసారి తోలు ఊడుతుంది, అదే ట్రయల్‌లో 48 శాతం మందికి వచ్చింది, మామూలు మందుతో 2 శాతమే. ఒంట్లో తిరిగే తీరే వేరు కాబట్టి పేరు ఒకటే కదా అని దీని బదులు అది, అదే మిల్లీగ్రాముల్లో ఇవ్వకూడదు, మందు లేబుల్ మీదే ఆ హెచ్చరిక ఉంటుంది.

బుడగ గొప్పంతా గుండెని కాపాడడంలోనే అన్న నా వాదనకి ఎదురు నిలిచే మందు కూడా ఒకటుంది, 2017లో వచ్చిన విక్సియోస్. సైటరబిన్, డౌనోరుబిసిన్, రెండూ ఎప్పటివో పాత మందులే. విడివిడిగా ఎక్కిస్తే ఒంట్లో ఒక్కోటీ ఒక్కో వేగంతో పోతాయి, ఇక్కడ 5:1 నిష్పత్తిలో ఒకే బుడగలో కట్టేసి పంపారు. హై రిస్క్ ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) ఉన్న 60 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో మధ్యస్థ ఆయుష్షు 5.95 నెలల నుంచి 9.56కి పెరిగింది, ఇక్కడ క్యాన్సర్ మీదే తేడా కొట్టింది. కాకపోతే రక్తకణాల కౌంట్ కోలుకోవడానికి మామూలు కీమో కన్నా ఎక్కువ రోజులు పడుతుంది, ఆ గ్యాప్‌లో ఇన్ఫెక్షన్లూ బ్లీడింగూ రాకుండా కనిపెట్టుకుని ఉండాలి.