ఆదివారం, మార్చి 8: సమరయ స్త్రీ, మా ట్యాంకరు

ఇవాళ తపస్కాలం (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు) మూడో ఆదివారం. బెంగళూరు ఫ్రేజర్ టౌన్‌లో చర్చికి ఏడింటి పూజకెళ్లొచ్చా. సువార్త సమరయ స్త్రీది, యోహాను 4వ అధ్యాయం ఇంచుమించు మొత్తం చదువుతారు కదా, నిలబడలేక పెద్దవాళ్లు మధ్యలోనే కూర్చుండిపోయారు. మహిళా దినోత్సవం కూడా ఇవాళే పడింది కాబట్టి పూజయ్యాక ఆడవాళ్లందరికీ గులాబీలు పంచారు, ప్రసంగంలో మాత్రం ఎప్పట్లాగే ఆ సమరయ స్త్రీ అయిదుగురు మొగుళ్ల సంగతే. నిజానికి ఆవిణ్ణి యేసు తిట్టలేదు, ఇక పాపం చేయకు అని కూడా అనలేదు, ఆ మాట 8వ అధ్యాయంలో ఇంకొకావిడతో అన్నది. మనవాళ్లు రెండూ కలిపేస్తారు.

ఇంటికొచ్చాక టీ పెట్టుకుందామనుకున్నా. ఈ ఏడు టీ మానేశాలెండి, కానీ తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నించి ఈస్టర్ ముందురోజు పవిత్ర శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులొస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై, కాబట్టి ఆదివారం తాగొచ్చని నా వాదన. ఫిరంగిపురంలో ఉన్న మా అమ్మ ఈ లెక్క ఒప్పుకోదు, మానేస్తే మానేసినట్టే అంటుంది. సరే, కుళాయి తిప్పితే గాలి వచ్చింది. మా బిల్డింగ్ బోరు ఎండిపోయి చాలా రోజులైంది, అంతా ట్యాంకర్ మీదే, ఆ ట్యాంకరతను ఫోనెత్తట్లేదు.

పన్నెండు దాటేదాకా చూశా. పక్కింటి ఆంటీ వాళ్లకి కావేరి లైనుంది, పెద్ద సంపుంది, వెళ్లి అడిగితే అయిపోయేదానికి గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. నన్ను ఏదన్నా మానెయ్యమంటే మానేస్తా, ఎవరికన్నా ఇవ్వమంటే ఇస్తా, అడగమంటే మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. పైగా ఈసారి రంజానూ మన తపస్కాలమూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి, తెల్లారకముందు నించీ చుక్క నీళ్లు ముట్టని మనిషిని మిట్టమధ్యాహ్నం పోయి నీళ్లడగాలి.

అక్కడ తట్టింది నాకు, పొద్దున విన్న కథలో ముందు అడిగింది యేసే. నడిచి నడిచి అలిసిపోయి, మిట్టమధ్యాహ్నం యాకోబు బావి దగ్గర కూలబడి, శిష్యులేమో తిండి కొనడానికి ఊళ్లోకి పోయారు, చేదుకోను బొక్కెన కూడా లేదు. యూదులకీ సమరయులకీ పొత్తు లేదు, అయినా యూదుడై ఉండి సమరయ స్త్రీని దాహానికియ్యమని అడిగాడు. ఆవిడా వెంటనే ఇవ్వలేదు, నువ్వు నన్నడగడమేంటని నిలదీసింది. తర్వాత జీవజలం, మెస్సీయ, అంత పెద్ద మాటలు నడిచాయి గానీ ఆయన నీళ్లు తాగినట్టు ఎక్కడా రాయలేదు, ఆవిడ కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తింది. ఊరివాళ్లు ఉండిపొమ్మంటే అక్కడే రెండ్రోజులున్నాడు. ఇదే యోహాను సువార్తలో సిలువ మీద కూడా దాహమవుతోందని అంటాడు. తపస్కాలమంటే మనం మానేసే వాటి లిస్టే ఎప్పుడూ, అడగడం అన్నది ఆ లిస్టులో ఎవరూ పెట్టరు. అడిగితే ఎదుటివాళ్ల చేతిలో ఉంటాం కదా, మానెయ్యడమైతే మన చేతిలోనే ఉంటుంది, గొప్పగా కూడా ఉంటుంది.

ఆంటీ వాళ్లది కోలార్, తెలుగు బాగానే మాట్లాడుతుంది. "దానికంత మొహమాటమేందమ్మా, కరెంటు లేదు మోటరు ఆడదు, తోడుకో" అని సంపు మూత తీసింది. పాత పెయింట్ డబ్బాకి నైలాన్ తాడు కట్టుంది. వంగి తోడుతుంటే తాడు అరచేతిలో కోసుకుపోయింది, సగం నీళ్లు నా చీర మీదే పోసుకున్నా, రెండు బకెట్లు నింపేసరికి నడుం పట్టేసింది. వాళ్లబ్బాయి మెట్లెక్కించి ఇచ్చి పోయాడు.

సాయంత్రం బకెట్టిచ్చేద్దామని వెళ్తే శుక్రవారం ఇఫ్తార్‌కి రమ్మంది. శుక్రవారాలు మేం మాంసం తినం ఆంటీ, ఆ సాయంత్రం చర్చిలో సిలువ మార్గం ప్రార్థన కూడా ఉంటుంది అన్నా. "అయితే శనివారం రా, హలీం చేస్తా" అంది. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, శనివారమైతే పర్లేదు, టీ మాత్రం తాగొద్దు అంది.