పక్షవాతం తర్వాత పాదం లేపే విద్యుత్ ప్రేరణ

విజయనగరంలో ఉండే మా పెదనాన్నగారికి పక్షవాతం తర్వాత నడక తిరిగి వచ్చింది గాని, కుడి పాదం ముందుభాగం లేవక గడప దాటేటప్పుడల్లా బొటనవేలు తగిలేది. ఫిజియోథెరపిస్టు మోకాలికి కాస్త కింద, బయటివైపున్న ఎముక బుడిపె దగ్గర ఎలక్ట్రోడు అంటించి స్వల్పంగా విద్యుత్తు పంపగానే ఆ పాదం పైకి లేచింది.

1961లో లీబర్సన్ అనే వైద్యుడి బృందం వివరించిన ఇలాంటి పరికరంలో, చెప్పులో అమర్చిన స్విచ్ మడమ నేల విడవగానే పాదాన్ని పైకి లేపే కండరాలకు వెళ్లే పెరోనియల్ నరానికి ప్రేరణనిచ్చి, మడమ తిరిగి ఆనగానే ఆపేది. దెబ్బ తిన్నది మెదడే గాని కాలి నరం కాదు కనుకనే ఇది సాధ్యం. నరమే తెగి కండరంతో సంబంధం పోయినవారికి ఈ పద్ధతి ఉపకరించదు. ఆ తేడాను పరికరం కొనకముందే కుటుంబానికి విడమరచి చెప్పడం వైద్యుల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. ఎలక్ట్రోడు కింద చర్మం కందకుండా రోజూ చూసుకోవడం మాత్రం ఇంట్లోవాళ్ల పని.