మైకులో ఆ మాట

నిన్న మా బస్తీకి ఎమ్మెల్యే వచ్చిండు, డ్రైనేజీ గురించి ఏమన్నా చెప్తడేమో అని అందరం పోయినం, ఆయనేమో మైక్ పట్టుకుని సీదా రొమ్ము క్యాన్సర్ టెస్టులు ఎందుకు చేయించుకుంటలేరమ్మా అని అడిగిండు. ఒక్కసారి అంతా సైలెంట్. వెనక పోరగాళ్లు కిసకిస నవ్విర్రు, మా అత్తమ్మయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఆడోళ్ల ముచ్చట మైకులనా" అని గొణిగింది.

రొమ్ముకి ఎక్స్‌రే తీసే మమోగ్రామ్ మెషిన్ దగ్గర్ల పెట్టమని అసెంబ్లీలో అడుగుతా అన్నడు. చూద్దాం, డ్రైనేజీకి కూడా గట్లనే అన్నడు మరి.

కానీ నాకు మా చిన్నమ్మ యాదికొచ్చింది. గడ్డ చేతికి తగిలినా నొప్పి లేదు కదా అని ఎనిమిది నెలలు ఎవ్వరికీ చెప్పలే. మొదట్ల చాలా గడ్డలకి నొప్పే ఉండదని హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌కి పోయినంకనే మాకు తెలిసింది, అప్పటికే చంకలోకి పాకింది.

30 దాటిన ఆడోళ్లకి సర్కారు స్క్రీనింగ్ ఉంది, రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం మూడింటికీ. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మొదలుపెట్టిర్రు, మంగళవారం ఆడోళ్లకే స్పెషల్ క్లినిక్, టెస్టులు ఫ్రీ. మీటింగ్‌కి వచ్చినోళ్లల్ల సగం మందికి ఆ పేరే తెల్వదు. ఆశా వర్కర్ పాపం ఇంటింటికీ తిరిగిందట, తలుపు తీస్తేగా!

రాత్రి అన్నం తింటుంటే అత్తమ్మ మెల్లగా అడిగింది, "గా మంగళారం ముచ్చటేందే, ఆధార్ కార్డు తీస్కపోవాల్నా?" అని.