లెత్‌బ్రిడ్జ్ దారిలో

ఈ శనివారం పనల్లా మేనల్లుణ్ణి లెత్‌బ్రిడ్జ్‌లో యూనివర్సిటీ హాస్టల్‌కి చేర్చడమే. ఇక్కడ కెనడాలో మేముండే కాల్గరీ నుంచి రెండు గంటల పైన ప్రయాణం. వాడికి లెర్నర్ లైసెన్స్ వచ్చింది కాబట్టి స్టీరింగ్ వాడిది, టెన్షన్ నాది. హైవే 2 ఎక్కినప్పటి నుంచి నా కుడికాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

హై రివర్ దగ్గర పడేసరికి ధ్యాస మళ్లించుకోవడానికి నా పాత కథ ఎత్తుకున్నాను. ఈ దారిలో నా కారెక్కిన వాళ్లెవరికీ ఇది తప్పదు. మా ఆవిడకైతే కంఠతా వచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాదే, 1939 డిసెంబర్ 17న, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. శత్రు విమానాలు అందుకోలేని కెనడాలో కుర్రాళ్లకి విమానం నడపడం నేర్పాలని. దేశాన్ని నాలుగు ట్రైనింగ్ కమాండ్‌లుగా పంచారు. టొరంటో, విన్నిపెగ్, మాంట్రియల్‌లలో మూడు. నాలుగోది మాది. 1940లో రెజైనాలో పెట్టారు, మరుసటి ఏడు కాల్గరీకి మార్చారు, 1944 చివర్లో విన్నిపెగ్ కమాండ్‌తో కలిపేశారు. అయిదేళ్లు కూడా నిండలేదు.

నేను ఆఫీసులో ట్రైనింగ్ బ్యాచ్‌ల షెడ్యూల్ చూస్తాను. అందుకే నాకు విమానాల కన్నా ఆ కమాండ్ ఆఫీసులో కూర్చుని లెక్కలు వేసినవాళ్ల మీదే కుతూహలం. ముందు క్లాసురూమ్ చదువు, తర్వాత ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూల్లో టైగర్ మాత్ అనే చిన్న విమానం మీద కొన్ని వారాలు, అది దాటితే సర్వీస్ ఫ్లయింగ్ స్కూల్లో ఇంకా పెద్ద విమానాలు, హార్వర్డ్ గానీ ఆన్సన్ గానీ, ఆఖర్న ఛాతీ మీద రెక్కల బ్యాడ్జి. ఒక చోట వారం రోజులు మంచు కురిస్తే ఆ బ్యాచ్ ఆగిపోతుంది, వెనకాల వచ్చేవాళ్లకి సీటుండదు. అలా మిగిలిపోయిన కుర్రాళ్లని హ్యాంగర్ల కాపలాకి, ఊడ్పు పనులకి పెట్టేవారు. పైలట్ అవుదామని వచ్చి చీపురు పట్టుకున్నవాడి మొహం నేను ఊహించుకోగలను. మా కొత్త బ్యాచ్‌లో అలాంటి మొహాలు చాలా చూశాను.

"ఇంతకీ వాళ్లకి ఎన్నేళ్లు మావయ్యా?"

"పద్దెనిమిది, పంతొమ్మిది. నీ ఈడువాళ్లే."

వాడు స్పీడు కొంచెం తగ్గించాడు.

హై రివర్‌లో ఉన్న ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూలు మొదట్లో లెత్‌బ్రిడ్జ్‌లోనే ఉండేది. అక్కడి గాలికి టైగర్ మాత్‌లు తట్టుకోలేక 1941లో ఇటు తెచ్చారు. ఈ చలికి తగ్గట్టు వాటి కాక్‌పిట్‌కి పైన మూత కూడా పెట్టారు. అదే రోజుల్లో మన బేగంపేటలోనూ మొదటి ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూలు నడిచింది, అదే టైగర్ మాత్‌తో. హైదరాబాద్‌లో మూత ఎవడికి కావాలి! దారి తప్పిన ఇక్కడి కుర్రాళ్లు కిందికి దిగి, రైలు పట్టాల పక్కన ధాన్యం గిడ్డంగుల మీద పెద్దక్షరాలతో రాసిన ఊరి పేరు చదువుకునేవారట. మావాడికి ఇది తెగ నచ్చింది. జీపీఎస్ ఆపేస్తానన్నాడు. వద్దన్నాను.

నాంటన్‌లో టీకి ఆగాం. అక్కడ బాంబర్ కమాండ్ మ్యూజియం బయట నల్లరాతి గోడ ఉంది. బాంబర్ కమాండ్ అంటే ఆ యుద్ధంలో శత్రువుల మీద బాంబులు వేసిన బ్రిటన్ వైమానిక దళ విభాగం. అందులో పనిచేస్తూ చనిపోయిన 10,000కు పైగా కెనడా వాళ్ల పేర్లు చెక్కారు. వాడు ఇంటిపేర్లు చదువుకుంటూ ఆ చివర దాకా వెళ్లాడు. టీ చల్లారిపోయింది.

క్లేర్స్‌హోమ్ దాటుతుంటే అడిగాడు, ఇంతమందికి నేర్పి మధ్యలో ఎందుకు మూసేశారని. మొత్తం పథకంలో పైలట్లే కాక మిగతా విమాన సిబ్బంది కూడా కలిపి 1,31,553 మంది తయారయ్యారు. 1944కి అవసరం కన్నా ఎక్కువైపోయారు. స్కూళ్లు ఒక్కోటీ మూతపడ్డాయి. రెక్కలు వచ్చినా యుద్ధం దాకా వెళ్లకుండానే ఇంటికొచ్చేసిన వాళ్లున్నారు.

"పాపం," అన్నాడు.

"పాపమేంట్రా, అదృష్టం. ఇందాక ఆ గోడ చూశావుగా."

"చూశాను. అయినా అంత కష్టపడి నేర్చుకుని, ఆఖర్న అక్కర్లేదు పొమ్మంటే ఎలా ఉంటుంది మావయ్యా?"

చచ్చిపోవడం కన్నా నయంగా ఉంటుందన్నాను. అది జవాబు కాదన్నాడు. ఫోర్ట్ మెక్లౌడ్ దాకా వాదించుకుంటూనే ఉన్నాం. అక్కడ హైవే 3లోకి తిరగాలి, అదీ చూసుకోలేదు.